మా తాత గోడ మీది ఫోటో

సూళ్ళూరుపేటలో మా అమ్మమ్మ వాళ్ళింటి ముందుగదిలో మూడు ఫోటోలు ఉండేవి. ఒకటి వెంకటేశ్వరస్వామిది. రెండోది అమ్మమ్మ, తాతల పెళ్ళిది. మూడోది ఒక అంతిమయాత్రది. పూలు కప్పిన బండి, చుట్టూ తలలే తలలు. అంతకుమించి ఏమీ కనపడేది కాదు. పేపర్లోంచి కత్తిరించిన ముక్కకి ఫ్రేము కట్టించారు. సముద్రపు గాలికి అద్దం లోపల చెమ్మ చేరి, కాగితం టీ రంగుకి తిరిగి, ఒక్క మొహం కూడా గుర్తుపట్టేలా లేదు.

చిన్నప్పుడు నేను ఆయన మా తాతకి అన్నో, బాబాయో అయ్యుంటారనుకునేవాణ్ణి. లేకపోతే చావు ఫోటో ఎవరైనా ముందుగదిలో పెట్టుకుంటారా? అమ్మమ్మ గొడవ కూడా అదే. ప్రతి భోగికి ఇల్లు దులిపేటప్పుడు దాన్ని దించి వెనకగదిలో పెట్టేసేది. సాయంత్రానికి తాత మళ్ళీ తెచ్చి అదే మేకుకి తగిలించేవాడు. ఇంట్లో అన్ని విషయాల్లో అమ్మమ్మ మాటే చెల్లేది. ఆ ఒక్క మేకు దగ్గర మాత్రం తాత మాట.

పోయినేడాది తాత పోయాడు. ఇల్లు అద్దెకివ్వడానికి ఖాళీ చేస్తుంటే ఆ ఫోటో ఎవరికీ అక్కర్లేకపోయింది. నేను హాస్టల్‌కి తెచ్చుకున్నా. ఎవర్రా ఈయన అని మొదటిరోజే రూమ్మేట్స్ అడిగారు. విక్రమ్ సారాభాయ్, మన అంతరిక్ష కార్యక్రమానికి పితామహుడు అని చెప్పా. క్విజ్‌లో ఒక మార్కు జవాబు. ఆ తర్వాత ఇంకేం చెప్పాలో నాకు తోచలేదు. అన్నేళ్ళు ఆ ఫోటో కింద కూర్చుని అన్నం తిన్నా, ఆయన గురించి నాకు తెలిసింది ఒక మార్కుకి సరిపడా మాత్రమే. నిజంగా సిగ్గేసింది. అప్పటినుంచి లైబ్రరీలో దొరికినవి చదివాను, అమ్మని అడిగాను, తాత చెప్పినవి గుర్తు చేసుకున్నాను. అవన్నీ కలిపి ఇక్కడ రాస్తున్నా.

సారాభాయ్ 1919 ఆగస్టు 12న అహ్మదాబాద్‌లో పుట్టారు. నాన్న అంబాలాల్ బట్టల మిల్లుల యజమాని, అమ్మ సరళాదేవి. మొత్తం ఎనిమిది మంది పిల్లలు. బయటి బడికి పంపకుండా ఇంట్లోనే బడి పెట్టి, మాంటిస్సోరి పద్ధతిలో చదువు చెప్పించారు. గాంధీగారు, టాగూర్ లాంటివాళ్ళు వచ్చిపోయే ఇల్లు అది. మేనత్త అనసూయా సారాభాయ్ 1918లో మిల్లు కార్మికుల పక్షాన నిలబడి సమ్మె నడిపారు. అవతలి వైపున్న మిల్లు యజమానుల్లో ముఖ్యుడు ఎవరనుకున్నారు? సొంత తమ్ముడు అంబాలాలే. అక్క మృదుల స్వాతంత్ర్యోద్యమంలో జైలుకెళ్ళారు. డబ్బున్న ఇల్లే, కానీ డబ్బున్నవాళ్ళని నిలదీసే మనుషులు కూడా అదే ఇంట్లో ఉన్నారన్నమాట.

ఆయన చదువుకి కేంబ్రిడ్జ్ వెళ్ళారు. 1940లో డిగ్రీ చేతికొచ్చేసరికి రెండో ప్రపంచయుద్ధం నడుస్తోంది. ఇండియాకి తిరిగొచ్చి బెంగళూరు ఐఐఎస్సీలో సి.వి. రామన్ దగ్గర చేరారు. సెలవులకి వచ్చి యుద్ధం వల్ల ఇక్కడే ఆగిపోయిన హోమీ భాభా కూడా అప్పుడు అక్కడే ఉన్నారు. ఒకరు మన అణుశక్తికి, ఇంకొకరు మన రాకెట్లకి మూలపురుషులయ్యారు. ఇద్దరినీ ఒకే క్యాంపస్‌లోకి తెచ్చింది యుద్ధమే.

సారాభాయ్ ఎంచుకున్న విషయం కాస్మిక్ కిరణాలు. అంతరిక్షంలోంచి ఎప్పుడూ భూమి మీదికి దూసుకొచ్చే కణాలు ఇవి. రోజులో ఏ వేళ ఎన్ని వస్తున్నాయి, ఎత్తుకి వెళ్తే ఎంత మారుతున్నాయి అని కొలిచేవారు. అందుకోసం 1943లో పరికరాలు మోసుకుని కాశ్మీర్ కొండలెక్కారు. మధ్యలో 1942లో మద్రాసులో మృణాళినీ స్వామినాథన్‌తో పెళ్ళయింది. ఆమె పేరున్న నర్తకి. ఆజాద్ హింద్ ఫౌజ్ కెప్టెన్ లక్ష్మి ఆమెకి స్వయానా అక్క.

యుద్ధం అయిపోయాక మళ్ళీ కేంబ్రిడ్జ్ వెళ్ళి 1947లో పీహెచ్‌డీ పూర్తి చేశారు. అదే ఏడాది నవంబరులో అహ్మదాబాద్‌లో ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీ మొదలుపెట్టారు. వయసు 28. మన ఫైనలియర్ సీనియర్లకంటే ఆరేడేళ్ళు పెద్ద, అంతే. కానీ డైరెక్టర్ కుర్చీలో తను కూర్చోలేదు. వాతావరణ శాస్త్రంలో పెద్దాయన కె.ఆర్. రామనాథన్‌ని పిలిచి కూర్చోబెట్టారు. ఆయన జీవితమంతా ఇదే వరస. బట్టల మిల్లుల పరిశోధనకి అటీరా, మృణాళినిగారితో కలిసి నాట్యానికి దర్పణ, 1961లో అహ్మదాబాద్ ఐఐఎం, పిల్లలు చేతులతో చేసి నేర్చుకోవడానికి ఒక సైన్స్ సెంటర్. మొదలుపెట్టడం, సరైన మనిషిని వెతికి అప్పజెప్పడం, ఇంకో పనికి వెళ్ళిపోవడం. ఇది చదివినప్పుడు నాకు మన క్లబ్బులు గుర్తొచ్చాయి. సెక్రటరీ పాసై వెళ్ళిపోగానే మూతపడే క్లబ్బులు ఎన్ని చూశాం!

రాకెట్ల వైపు ఆయన రావడం కూడా ఆ కొలతల కోసమే. కొండ ఎక్కితే నాలుగైదు కిలోమీటర్లు. బెలూన్ పంపితే ముప్ఫై, నలభై. కానీ అయస్కాంత భూమధ్యరేఖ మీద నూరు కిలోమీటర్ల పైచిలుకు ఎత్తులో ఒక విద్యుత్ ప్రవాహం పరుగెడుతుంటుంది. అక్కడికి బెలూన్ పోదు, ఉపగ్రహం అంత కిందికి రాదు. రాకెట్ ఒక్కటే దారి. ఆ రేఖ కేరళలో తుంబా అనే జాలరి ఊరి దగ్గరగా పోతుంది. 1962లో ప్రభుత్వం ఆయన అధ్యక్షతన అంతరిక్ష పరిశోధనకి ఒక కమిటీ వేసింది. తుంబాలో వాళ్ళకి కావలసిన చోట ఒక చర్చి ఉంటే, బిషప్ పీటర్ బెర్నార్డ్ పెరీరా ఊరివాళ్ళతో మాట్లాడి ఒప్పించారు. చర్చి ఆఫీసయింది. 1963 నవంబరు 21న అమెరికా ఇచ్చిన నైకీ-అపాచీ అనే చిన్న రాకెట్ అక్కడినుంచి ఎగిరింది. రాకెట్ ముక్కుభాగాన్ని సైకిల్ మీద తీసుకెళ్తున్న ఫోటో మీరూ చూసే ఉంటారు. అది ఆ రోజుల తుంబానే.

1966 జనవరిలో భాభా విమాన ప్రమాదంలో పోయారు. అణుశక్తి సంఘం అధ్యక్ష పదవి సారాభాయ్ మీద పడింది. చైనా అప్పటికే అణుబాంబు పేల్చింది, మనమూ చెయ్యాలనే ఒత్తిడి గట్టిగా ఉంది. ఆయన దానికి సుముఖంగా లేరు. ఆ విషయంలో తిట్టినవాళ్ళూ ఉన్నారు. ఒకవైపు అణుశక్తి, ఒకవైపు అంతరిక్షం, ఇంకోవైపు సొంత సంస్థలు. ఢిల్లీ, బొంబాయి, అహ్మదాబాద్, త్రివేండ్రం మధ్య విమానాల్లోనే బతికారు. రాత్రి ఒంటిగంటకి, మూడింటికి కూడా మీటింగులు పెట్టేవారు. మనకి ప్రాజెక్ట్ సబ్మిషన్ ముందు వారం ఎలా ఉంటుందో, ఆయనకి అయిదేళ్ళు అలాగే గడిచింది.

ఇక మా ఊరి కథ ఇక్కడినుంచి మొదలవుతుంది.

గాలి, విద్యుత్ ప్రవాహం కొలిచే రాకెట్లకి తుంబా సరిపోతుంది. ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టాలంటే సరిపోదు. భూమి పడమర నుంచి తూర్పుకి తిరుగుతుంది కాబట్టి తూర్పు వైపుకి వదిలిన రాకెట్‌కి ఆ వేగం ఉచితంగా కలుస్తుంది. భూమధ్యరేఖ మీద సెకనుకి సుమారు 465 మీటర్లు. మా వైపు, అంటే 13.7 డిగ్రీల దగ్గర, సుమారు 450. కక్ష్యకి దాదాపు 8 కిలోమీటర్లు కావాలి కదా, ఇదెంత అనుకోకండి. మొదటి రాకెట్లు మోసేది ముప్ఫై, నలభై కిలోలే. ఆ కాస్తే గెలుపోటములు తేలుస్తుంది. తుంబా పడమటి తీరం. అక్కడినుంచి తూర్పుకి వదిలితే కాలిపోయిన దశలు జనం మీద పడతాయి. తూర్పు తీరంలో అయితే ముందున్నదంతా బంగాళాఖాతమే.

సారాభాయ్ ఈ పనిని తన సహచరుడు ఇ.వి. చిట్నిస్‌కి అప్పజెప్పారు. తీరమంతా వెతికి తేల్చిన చోటు శ్రీహరికోట. పులికాట్ సరస్సుకీ సముద్రానికీ మధ్యన ఇసుకదీవి. దాదాపు 145 చదరపు కిలోమీటర్లు. మద్రాసు పొయ్యిల్లోకి వంటచెరకు పంపే సరుగుడు, యూకలిప్టస్ తోటలు. 1969లో చోటు ఖాయమైంది. ఆ ఏడాది ఆగస్టు 15నే ఇస్రో కూడా పుట్టింది. ఇప్పుడు మ్యాపులో సూళ్ళూరుపేట తిరుపతి జిల్లా అయిందిగానీ, మా నోట్లో ఇప్పటికీ నెల్లూరే.

మా తాతకి అప్పుడు ఇరవై మూడో, నాలుగో. దీవిలో పనులు చేయించే ఒక మేస్త్రీ దగ్గర కూలీల లెక్కలు రాసే పని దొరికింది. అప్పటికి రోడ్డు పడలేదు. తెల్లారకముందే సద్దిగిన్నె కట్టుకుని పడవెక్కడం, చీకటి పడ్డాక తిరిగి రావడం. ఎవరికోసం, ఏం కడుతున్నారో కూలీలకి సరిగ్గా తెలియదు. ఢిల్లీలో సారాభాయ్ అని ఒక పెద్దాయన ఉన్నాడు, ఇది ఆయన పని అని మాత్రం తెలుసు.

దీవి ఖాళీగా ఉందని రాస్తుంటారుగానీ, ఖాళీ కాదు. యానాదులు ఉండేవారు. అడవిలో దుంపలు, తేనె, ఉప్పుటేట్లో చేపలు, రొయ్యలు, ఇవే వాళ్ళ బతుకు. భూమి సేకరణ తర్వాత ఆ బతుకు మారిపోయింది. తాతని పడవలో దాటించిన ఆయన ఆ దీవిలో పుట్టిన యానాదే. చివరిదాకా ఇద్దరూ స్నేహితులు. ఆయన ఇంటికొస్తే ఫోటోకి ఎదురుగా కూర్చునేవాడు కాదు, స్తంభానికి ఆనుకుని వీధి వైపు తిరిగి కూర్చునేవాడు. ఒక డిసెంబరులో తాత ఫోటోకి దండ వేస్తూ ఆయన్నీ వెయ్యమంటే నవ్వి ఊరుకున్నాడట. చచ్చిపోయిన మనిషి మీద కోపం లేదని, దండ వెయ్యడానికి మాత్రం చెయ్యి రావట్లేదని చెప్పాడట. తాత మళ్ళీ అడగలేదు. సారాభాయ్ కథ రాసేవాళ్ళు ఈ ముక్క వదిలేస్తే లెక్క సరిపోదని నాకనిపిస్తుంది. తుంబాలో ఊరు జరిగింది, ఇక్కడ దీవి జరిగింది. దేశం కోసం చేసిన ఏ మంచిపనికైనా ముందు ఖర్చు పెట్టినవాళ్ళు వీళ్ళు.

1971 అక్టోబరు 9న శ్రీహరికోట నుంచి మొదటి రాకెట్ లేచింది. పేరు రోహిణి-125. ఆ 125 దాని వ్యాసం, మిల్లీమీటర్లలో. మన జానెడు కూడా లేదు. తాత లెక్కల పుస్తకం చంకలో పెట్టుకుని దూరం నుంచి చూశాడట. దీనికోసమా ఇన్ని వందలమంది ఇంత మట్టి మోసింది అని అందరూ మొహాలు చూసుకున్నారట.

డిసెంబరు 3న పాకిస్తాన్‌తో యుద్ధం మొదలైంది. విశాఖపట్నం దగ్గర ఘాజీ సబ్‌మెరైన్ మునిగిందన్న వార్త రేడియోలో విన్నాక, మా తీరంలో కూడా జనం సముద్రం వైపు కొత్తగా చూడటం మొదలుపెట్టారట. 16న ఢాకాలో పాక్ సైన్యం లొంగిపోయింది. ఊళ్ళో అందరూ సంబరంలో ఉన్నారు. సరిగ్గా రెండు వారాలకి, డిసెంబరు 30న, త్రివేండ్రం పక్కన కోవళంలో సారాభాయ్ పోయారు. తుంబా పనులు చూసుకోవడానికి వెళ్ళి అక్కడ బస చేశారు. గుండెపోటు అన్నారు. వయసు 52. ఢిల్లీ నుంచి త్రివేండ్రం వస్తున్న అబ్దుల్ కలాంతో ఫోన్లో మాట్లాడి, ఎయిర్‌పోర్టులో తనకోసం ఆగమన్నారు. కలాం విమానం దిగేసరికి ఎదురొచ్చింది చావు కబురు. దహనం అహ్మదాబాద్‌లో జరిగింది. పేపర్లలో ఆ అంతిమయాత్ర ఫోటో యుద్ధం వార్తల పక్కనే వచ్చింది. మా గోడ మీదికొచ్చింది అదే.

అయితే తాత దాన్ని భక్తితో కత్తిరించలేదు. భయంతో కత్తిరించాడు. ఈ సంగతి అమ్మ చెప్పేదాకా నాకు తెలియదు. అప్పటికి తాతకి పెళ్ళయి ఏడాది కాలేదు. వడ్డీకి డబ్బు తెచ్చి ఇంటికి ఇటుకలు కొన్నాడు. ఆ వారం పడవలో అందరిదీ ఒకటే మాట, పెద్దాయన పోయాడు, ఇంక పని ఆగిపోతుందని. యుద్ధానికి ఖర్చయిన సర్కారు ఇసుకదీవిలో రాకెట్లకి డబ్బెందుకు పెడుతుంది? మేస్త్రీకి ఏమన్నా తెలుసేమో కనుక్కుందామని ఆ ముక్క కత్తిరించి లెక్కల పుస్తకంలో పెట్టుకుని వెళ్ళాడు. మేస్త్రీకీ ఏం తెలియదు. ముక్క పుస్తకంలోనే ఉండిపోయింది.

పని ఆగలేదు. కొన్నాళ్ళు ఎం.జి.కె. మీనన్ బాధ్యతలు చూశారు. 1972లోనే స్పేస్ కమిషన్, అంతరిక్ష శాఖ ఏర్పడ్డాయి, ఐఐఎస్సీ డైరెక్టర్ సతీశ్ ధావన్ పగ్గాలు తీసుకున్నారు. 1975 ఏప్రిల్‌లో ఆర్యభట్ట రష్యా గడ్డ మీది నుంచి ఎగిరింది. దాన్ని కట్టించిన యు.ఆర్. రావు సారాభాయ్ శిష్యుడే. అదే ఏడాది ఆగస్టు నుంచి సైట్ అనే ప్రయోగంలో ఆరు రాష్ట్రాల్లో రెండు వేల పైచిలుకు పల్లెలకి నేరుగా ఉపగ్రహం నుంచి టీవీ వచ్చింది. అందులో మన రాష్ట్రం కూడా ఉంది, తెలుగు కార్యక్రమాలున్నాయి. కోళ్ళగూటికి వాడే జాలీతో చేసిన డిష్షులవి. దానికోసం నాసాతో 1969లో ఒప్పందం కుదిర్చింది సారాభాయ్. తిండికే కరువున్న దేశానికి రాకెట్లెందుకని అడిగినవాళ్ళకి ఆయన జవాబు ఇదే. చంద్రుడి మీదికి పోటీకి పోవడం కాదు, కరెంటు సరిగా లేని పల్లెకి పాఠం, వాతావరణం, వ్యవసాయం కబురు చేర్చడం. ఆ జవాబు నిజమని తేలేనాటికి చెప్పిన మనిషి లేడు.

1979 ఆగస్టులో శ్రీహరికోట నుంచి ఎస్ఎల్‌వి-3 లేచి అయిదారు నిమిషాలకే సముద్రంలో పడింది. 1980 జులై 18న రెండోసారి లేచి రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. 35 కిలోలు. సొంతంగా ఆ పని చేసిన కొద్ది దేశాల్లో మనదీ ఒకటైంది. ఆ వారమే తాత పాత లెక్కల పుస్తకాలు వెతికి, ఆ ముక్క తీసి, బజార్లో ఫ్రేము కట్టించాడు. ఎనిమిదిన్నరేళ్ళ తర్వాత! నవ్వుతున్న ఫోటో ఏదైనా కట్టించొచ్చు కదా అని నేను ఒకసారి అడిగా. తన దగ్గరున్నది అదొక్కటేనన్నాడు. ఇంకేదో గొప్ప కారణం చెప్తాడని ఎదురుచూశా. అంతే చెప్పి బీడీ వెలిగించుకున్నాడు.

2019 సెప్టెంబరు 7 తెల్లవారుజామున చంద్రయాన్-2 ల్యాండర్ సంకేతాలు ఆగిపోయినప్పుడు నేను స్కూల్లో ఉన్నా. దాని పేరు విక్రమ్, ఈయన పేరే. టీవీ ముందు ఏడ్చా. తాత మాత్రం 79లో కూడా ఇంతేనని పడుకోవడానికి వెళ్ళిపోయాడు. 2023 జులై 14 మధ్యాహ్నం రెండు ముప్ఫై అయిదుకి చంద్రయాన్-3 లేచినప్పుడు మేడ మీద తాత, తాత పక్కన ఆ పడవాయన. ఇద్దరికీ మెట్లెక్కడం కష్టమే, అయినా వచ్చారు. పడవాయన దండ వెయ్యలేదుగానీ ఒక్క ప్రయోగం కూడా వదల్లేదు. ఆ రోజు లేచిన రాకెట్ ఎత్తు 43.5 మీటర్లు, బరువు సుమారు 640 టన్నులు. మొదటిది జానెడంత లావు కూడా లేదని చూసిన కళ్ళు అవి.

మా ఊళ్ళో పెరిగినవాళ్ళందరికీ ఒకటి తెలుసు. మా మేడకీ లాంచ్‌ప్యాడ్‌కీ మధ్య ఇరవై కిలోమీటర్లు ఉంటుంది. వెలుగు వెంటనే కనపడుతుంది, చప్పుడు రావడానికి దాదాపు నిమిషం పడుతుంది. కిటికీలు గడగడలాడేసరికి రాకెట్ మబ్బుల్లోకి వెళ్ళిపోయుంటుంది. పిల్లలు అప్పుడు చప్పట్లు కొడతారు. తాత మాత్రం మంట కనపడగానే కొట్టేవాడు.

ఆ ఆగస్టు 23 సాయంత్రం విక్రమ్ చంద్రుడి మీద దిగింది. తాత చూశాడు. మరుసటి డిసెంబరు 30న ఎప్పట్లాగే దండ వేశాడు.

ఇప్పుడు ఫోటో నా మంచం పక్కన గోడకుంది. వార్డెన్ మేకు కొట్టనివ్వలేదు, అందుకే కిటికీ ఊచకి తీగతో కట్టా. పోయిన సెమిస్టర్‌లో నాకు రెండు బ్యాక్‌లాగులు వచ్చినప్పుడు, ఇంక బ్రాంచి మానేద్దామనుకున్న రాత్రి, చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నా. ధైర్యం వచ్చిందని అబద్ధం చెప్పను. ఒక్కటి మాత్రం గమనించా. ఆ ఫోటోలో ఉన్నవాళ్ళెవరికీ తర్వాత ఏమవుతుందో తెలియదు. 1980 తెలియదు, 2023 తెలియదు. కానీ రెండు రోజులు గడిచాక వాళ్ళలో కొందరు తిరిగి పనికి వెళ్ళుంటారు. మా తాత పడవెక్కినట్టే.

మర్నాడు పొద్దున నేను ల్యాబ్‌కి వెళ్ళా.